సూది మీద రెండో చీటీ

సోమవారం సాయంత్రం ఆరు దాటాక దేవమణి డ్యూటీ నుంచి వచ్చి, తడిసిన కోటు విప్పకుండానే సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బీ తీసి వంటింటి బల్ల మీద పెట్టింది. నర్సింగ్ హోములో మూత్రం పరీక్షకు పట్టే డబ్బీ అది, వాడనిది. లోపల రెక్కల పురుగులు ఐదు చచ్చి పడి ఉన్నాయి. ఒక్కొక్కటి వడ్లగింజంత ఉంటుందేమో. ఎర్రటి మూత మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, దాని మీద నీలం పెన్నుతో తేదీ, టైము, కారిడార్ అన్న మాట, చివర డి.ఎం. అన్న రెండక్షరాలు రాసి ఉన్నాయి. మద్దాల దేవమణి, ముసలివాళ్ళని ఉంచి చూసుకునే ఆ హోములో తొమ్మిదేళ్ళుగా కేరర్. ఏ డబ్బీనైనా మూత మీద రాయకుండా కింద పెట్టడం ఆమెకు చేతకాదు.

బల్లకి అటువైపు వర్షిణి పెరుగన్నం తింటోంది. మేడమీద చిన్న గదిలో ఏడాదిన్నరగా అద్దెకుంటున్న పిల్ల. ఐర్లండులో కార్లో అనే ఈ ఊరి బయట, పంటలకు పట్టే పురుగుల మీద పనిచేసే ఒక ల్యాబులో రీసెర్చ్ స్టూడెంటు. పురుగుల చదువు చదివే మనిషి ఇంట్లో ఉన్నందుకు దేవమణికి ఇన్నాళ్ళూ ఒరిగిందేమీ లేదు. ఇవాళ పనిబడింది.

కోటు విప్పి, టీ పెట్టుకుని, దేవమణి సంగతంతా చెప్పింది. రెండు వారాలుగా హోములో స్టాఫ్ వంటగది దగ్గర కారిడార్లో ఈ పురుగులు ఎగురుతున్నాయట. మందు కొట్టే కంపెనీ మనిషి వచ్చి పది నిమిషాలు నిలబడి, ఇవి బియ్యంలో, పప్పుల్లో పుట్టేవి అని చెప్పి పోయాడట. మేనేజరు నోరీన్ వెంటనే స్టాఫ్ వంటగదిలో ప్రెస్ తెరిపించింది. గోడ అలమరాని ఈ దేశంలో ప్రెస్ అంటారు. అందులో ఉన్న బియ్యం, కందిపప్పు, గోధుమపిండి అన్నీ నల్ల సంచిలో వేసి పారబోయించింది. ఆ ప్రెస్ వాడేవాళ్ళు ఆరుగురు. తాళంచెవి మాత్రం దేవమణి దగ్గర ఉంటుంది. అందుకని కాగితం మీద ఆమె పేరొక్కటే ఎక్కింది. పురుగు పట్టిన తిండి సామాను హోములోకి తెచ్చినట్టు ఒప్పుకుంటున్నాను అని శుక్రవారం పదకొండింటికి మీటింగులో సంతకం పెట్టాలి. ఇలాంటి కాగితం ఒకటి ఫైల్లో ఉన్నాక ఇంకొకటి పడితే ఇంటికే పంపుతారు.

“బియ్యం మొన్న కొన్న సంచీ తల్లీ. కుట్టు కూడా విప్పలా,” అంది దేవమణి. “నేను తెచ్చానని రాసుంది. తేనిదానికి సంతకం ఎట్టా పెట్టేది?”

వర్షిణి తింటున్న చేత్తో కాక ఎడం చేత్తో డబ్బీ ఎత్తి లైటుకేసి చూసింది. బూడిదరంగు రెక్కలు. వంటింట్లో ఎగిరే పురుగు ఎలా ఉంటుందో అలాగే ఉన్నాయి.

“బియ్యం పురుగు లెక్కనే ఉన్నది ఆంటీ,” అంది. “సరే, రేపు ల్యాబుల చూస్త.”

దేవమణి గ్లాసు కడిగి బోర్లించి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. కంపెనీ మనిషి పది నిమిషాలైనా నిలబడి చూశాడు, తను అదీ చెయ్యలేదని వర్షిణికి ఆ తర్వాత చాలాసార్లు గుర్తుకొచ్చింది.

*

ల్యాబులో ఆమె అసలు పని వేరు. ఆవచేలల్లో పెట్టిన జిగురు అట్టలకు అంటుకున్న ఈగల్ని లెక్కపెట్టి రాయడం. మంగళవారం మధ్యాహ్నం దాకా అదే చేసి, లంచ్ టైములో డబ్బీ తెరిచి, పట్టకారుతో ఒక పురుగుని తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

బియ్యం పురుగు కాదని రెండు నిమిషాల్లో తేలిపోయింది. బియ్యంలో పుట్టి ఎగిరే ఆ రెక్కల పురుగు దీనికన్నా పెద్దగా ఉంటుంది. దీని రెక్కలు సన్నం, అంచున పొడుగాటి వెంట్రుకల జాలరు. రెక్క మీద లేత పట్టీ ఒకటి, దానికి అటుపక్క నల్లచుక్కలు రెండు. మీసం మొదట్లో దువ్వెన పళ్ళలాగా వెంట్రుకల వరుస. ఆ వరుస కనపడ్డాక వర్షిణి సాండ్‌విచ్ కాగితం మళ్ళీ మడిచి పక్కన పెట్టేసింది. ఆ దువ్వెన ఉన్న కుటుంబం చిన్నదేమీ కాదు గానీ పప్పూ బియ్యం జోలికి పోయేదిగా దానికి పేరు లేదు.

చిక్కేమిటంటే ఆ కుటుంబంలో అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. పైకి చూసి ఫలానా అని చెప్పగలిగినవాడు లేడు. పొట్ట చివర లోపల ఉండే జత కలిసే భాగం ఒక్కటే జాతికో తీరుగా ఉంటుంది. దాన్ని బయటికి తియ్యాలి. పొట్ట విరిచి, వేడి పొటాష్ ద్రావణంలో ఉడకబెడితే మెత్తటిదంతా కరిగిపోయి గట్టి పొర మిగులుతుంది. ఆ పొరని నీళ్ళలో వేసి, రెండు వెంట్రుకలంత కుంచెతో పొలుసులు తుడిచి, సూదులతో విడదీసి, రంగు పట్టించి గాజుపలక మీద పరచాలి. మొత్తం వస్తువు నువ్వుగింజలో సగం ఉండదు.

ఐదింటిలో మూడు ఆడవి, రెండు మగవి. మగదైతేనే తేలిగ్గా తేలుతుంది. మొదటి మగపురుగు పాడైపోయింది. ఉడకబెడుతుండగా ఫోను వస్తే మాట్లాడింది, తిరిగొచ్చేసరికి పొర పేలికలైపోయింది. వర్షిణి తనని తాను తిట్టుకుని ఫోను డ్రాయరులో పడేసి రెండోదాన్ని అందుకుంది. ఈసారి గడియారం ఎదురుగా పెట్టుకుంది. కుంచె ఆనించేటప్పుడు ఊపిరి బిగబట్టడం, తీశాక వదలడం, గంటన్నర ఇదే పని. నాలుగున్నరకి గాజుపలక మీద ముదురు నీలంగా, ఎక్కడా చిరగకుండా, రెండు కొక్కేలూ వాటి మధ్య ఒక ముల్లూ స్పష్టంగా తేలాయి. ఏడాదిన్నరలో తను చేసిన పనుల్లో ఇంత శుభ్రంగా వచ్చింది ఇంకొకటి లేదని ఆమెకు తెలుసు.

ఐర్లండులో దొరికే ఆ కుటుంబపు పురుగుల బొమ్మలన్నీ పుస్తకంలో పక్కన పెట్టి చూసింది. ఏదీ కలవలేదు. యూరప్ మొత్తానికి ఉన్న పుస్తకం తెచ్చి చూసింది. అందులోనూ లేదు. అప్పుడు టీ కప్పుతో అటుగా వెళ్తున్న డాక్టర్ ఫర్గల్‌ని పిలిచింది. ఫర్గల్ ఆమె గైడు. యాభై దాటిన మనిషి, పొలం బూట్లతోనే ల్యాబంతా తిరుగుతాడు. వంగి చూశాడు. కప్పు కింద పెట్టి మళ్ళీ చూశాడు. ఇది మన దగ్గరిది కాదు అన్నాడు. ఫొటోలు తీయించి, అమెరికాలో ఒక మ్యూజియంలో పనిచేసి రిటైరైన పెద్దాయనకి పంపించాడు. ఈ కుటుంబాన్ని పట్టించుకునేవాళ్ళు ప్రపంచం మొత్తంలో పదిమంది ఉంటే ఆయన పెద్ద దిక్కట.

*

బుధవారం పొద్దున జవాబు వచ్చేసింది. పెద్దాయన నాలుగే వాక్యాలు రాశాడు. తూర్పు అమెరికా అడవుల్లోది. నూరేళ్ళ కిందట ఎవరో పేరు పెట్టి బొమ్మ గీసిన తర్వాత దీన్ని గురించి రాసినవాళ్ళు లేరు. మ్యూజియంలో సూదికి గుచ్చినవి మూడో నాలుగో ఉన్నాయి. దీని గొంగళిపురుగు ఓక్ కాయల్లో ఉంటుంది, అదీ వేరే పురుగు తొలిచి వదిలేసి పోయిన కాయల్లో. మీ దగ్గరికి ఓక్ కాయలు ఎక్కడి నుంచి వచ్చాయి?

దానికి లాటిన్లో రెండు మాటల పేరుంది. ఇంగ్లీషులో పేరు కూడా లేదు. ఎవరి పంటా తినదు, ఎవరి బట్టా కొట్టదు, దానికి పేరు పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

సాయంత్రం వర్షిణి ఓక్ కాయ ఫొటో ఫోనులో చూపించింది. దేవమణి కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఫోను బల్ల మీద పెట్టింది.

“పెగ్గీ దండ,” అంది.

పెగ్గీకి తొంభై ఒకటి. పద్నాలుగో నంబరు గదిలో ఉంటుంది. ఆమెకు పొద్దున స్నానం చేయించి బట్టలు వేసేది దేవమణే. పెగ్గీ కూతురు పెన్సిల్వేనియాలో ఉంటుంది. క్రిస్మస్‌కి ముందు ఎండుకాయలతో కట్టిన గుండ్రటి దండ ఒకటి పోస్టులో పంపింది, తలుపుకి తగిలించేది. చూడముచ్చటగా ఉందని నోరీన్ దాన్ని పెగ్గీనడిగి తీసుకుని రిసెప్షన్లో తన ఆఫీసు పక్కన మేకుకి తనే తగిలించింది. పండగ అయిపోయింది, దండ అక్కడే ఉండిపోయింది. సరిగ్గా దాని కిందే రేడియేటరు. రాత్రింబవళ్ళు వెచ్చగా ఉంటుంది. అక్కడి నుంచి స్టాఫ్ వంటగదికి పది అడుగులు.

దేవమణి ఇదంతా చెప్పి నవ్వింది. ఆమె నవ్వగా వర్షిణి చూడడం ఆ వారంలో అదే మొదలు. నోరీన్ తగిలించిందని కాదు, తన బియ్యం మంచివని తేలినందుకు ఆ నవ్వు. రెండు కాయలు తెస్తే సరిపోతుందా అని అడిగింది. గురువారం డ్యూటీ మధ్యాహ్నానికే అయిపోతుంది, వచ్చేదారిలో ల్యాబ్ గేటు దగ్గర ఇచ్చిపోతానంది. వర్షిణి ఆమెకు రెండు సంగతులు చెప్పింది. పెగ్గీని అడిగి తీసుకోమంది. శుక్రవారం మీటింగుకి ఫర్గల్ చేత లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించి ఇస్తానంది.

*

గురువారం రెండింటికి గేటు దగ్గర దేవమణి ఇచ్చిన డబ్బీలో మూడు కాయలున్నాయి. రెండు అడిగితే పెగ్గీ మూడు తీసుకోమందట. మూత మీద మళ్ళీ ప్లాస్టరు, తేదీ, టైము, రిసెప్షన్ దండ, డి.ఎం.

ఫర్గల్ తన చాకుతో మొదటి కాయ కోశాడు. ఖాళీ. రెండోదానిలో గోధుమరంగు పొడి, సన్నటి పట్టు దారాలు, దారాల మధ్య ముడుచుకుని బతికున్న గొంగళి. ఆయన చిన్నపిల్లాడిలా ఈల వేశాడు. అక్కడున్నవాళ్ళందర్నీ పిలిచి చూపించాడు. ఈ దేశంలో ఇదే మొదటిసారి, బహుశా ఈ ఖండంలోనే కావచ్చు, పత్రికకి రెండు పేజీల నోట్ ఇవాళే రాసేస్తాను అన్నాడు. ముందు పురుగులకి చీటీలు కట్టమన్నాడు.

చీటీ లేని పురుగుకి ఈ విద్యలో విలువ లేదు. సూదికి గుచ్చిన పురుగు కింద, అదే సూదికి, గోరంత కాగితం గుచ్చుతారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారు. దాని కింద ఇంకొకటి, ఫలానా అని ఎవరు గుర్తించారు. నూరేళ్ళ తర్వాత పెట్టె తెరిచినవాడికి పురుగు పొడైపోయినా ఆ రెండు చీటీలూ మిగలాలి. వర్షిణి కంప్యూటర్లో అక్షరాలు నాలుగో సైజుకి తగ్గించి, దేవమణి డబ్బీ మూత పక్కన పెట్టుకుని తేదీ, టైము చూసి కొట్టింది. కార్లో, నర్సింగ్ హోము, కారిడార్. ఆ తర్వాత గుర్తించినవారి చీటీ తెరిచి తన పేరు సగం కొట్టింది.

వెనక నుంచి ఫర్గల్ చూసి, అక్కడ తన పేరు వెయ్యమన్నాడు. కోపంగా ఏమీ కాదు. స్టూడెంటు గుర్తించిందంటే పత్రికవాళ్ళు వంద ప్రశ్నలు వేస్తారు, నా పేరుంటే గ్రాండ్, గొడవ ఉండదు అన్నాడు. వర్షిణి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. మీసం మొదట్లో దువ్వెన చూసింది ఎవరు, రెండో పొట్ట విప్పింది ఎవరు అని అడగాలనిపించింది. అడగలేదు. చదువింకా ఏడాది ఉంది, రేపు సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ముఖం మాత్రం ఎర్రబడింది. ఫర్గల్ అది గమనించి, పోనీ అన్నట్టు భుజం తట్టాడు.

“పట్టినవాళ్ళ చోట నీ పేరే కదా ఉంటుంది. పట్టింది నువ్వేగా?”

మూత ఆమె మోచేతి పక్కనే ఉంది. డి.ఎం. అన్న అక్షరాలు పైకే ఉన్నాయి.

“అవును,” అంది వర్షిణి.

ఆ మాట అనడానికి ఆమెకు ఆలోచన పట్టలేదు. తన దగ్గర్నుంచి ఒకటి తీసుకున్నారు, ఒకటి ఇస్తున్నారు, పుచ్చుకుంది. చీటీ అచ్చయి వచ్చింది, కత్తిరించింది, సూదికి గుచ్చింది. ఫర్గల్ చీటీ చూసే ఉత్తరం రాశాడు. మీ హోములో వర్షిణి ఈ తేదీన పట్టిన పురుగులు బియ్యానికీ పప్పులకీ సంబంధించినవి కావు, రిసెప్షన్లో తగిలించిన అమెరికా దండలోని ఓక్ కాయల నుంచి వచ్చినవి, దండ తీసేస్తే సరిపోతుంది, ఎవరికీ హాని లేదు.

సాయంత్రం ఆ ఉత్తరం దేవమణి నిలబడే చదివింది, వేలు ఒక్కొక్క లైను కింద ఆనిస్తూ. రెండో లైనులో ఒకచోట వేలు కాసేపు ఆగింది. లాటిన్ పేరు దగ్గర తడబడిందేమో అనుకుంది వర్షిణి. లాటిన్ పేరు మూడో లైనులో ఉంది.

“బాగా రాశాడమ్మా,” అని మడిచి బైబిల్లో పెట్టుకుంది దేవమణి.

ఆ పూట వర్షిణి అన్నం సరిగ్గా తినలేదు. ఫర్గల్ తన పేరు తీసేసిన సంగతి ఆంటీకి రెండుసార్లు చెప్పింది. నాలుగు రోజుల కష్టం ఎవడో ఎగరేసుకుపోతే ఎట్లుంటదో చెప్పండి అంది. దేవమణి ఆమె ప్లేట్లో ఇంకొక గరిటె పప్పు వేసి, ఊరుకో తల్లీ, దేవుడు చూస్తాడు అంది.

*

శుక్రవారం నాలుగింటికి వర్షిణి ఇంట్లోనే ఉంది. తాళం తిరిగిన చప్పుడుకి లేచి ఎదురెళ్ళింది. దేవమణి కోటు విప్పి కొక్కేనికి తగిలించి, చేతులు కడుక్కుని, కుక్కర్లో బియ్యం కొలిచి పోసింది. మొదటి కాగితం కొట్టేశారు అని చెప్పింది. బియ్యం సంగతి ఇక లేదు. నోరీన్ దండ తీయించి బయట పారేయించింది. పెగ్గీకి సారీ కూడా చెప్పింది.

“మీకు చెప్పిందా?” అంది వర్షిణి.

దేవమణి కుక్కరు మూత పెట్టి వచ్చి కూచుంది.

“ఇంకో కాగితం రాసింది. బయటి మనిషిని లోపలికి రానిచ్చానని. వచ్చేపోయేవాళ్ళ బుక్కులో సంతకం పెట్టకుండా కారిడార్లో తిరగనిచ్చానని.”

వర్షిణికి మొదట అర్థం కాలేదు.

“ఏ మనిషిని?”

“నిన్నే తల్లీ. పురుగులు పట్టింది వర్షిణి అని ఉత్తరంలో ఉందిగా. ఈమె ఎప్పుడొచ్చింది, ఎవరు తలుపు తీశారు అని అడిగింది నోరీన్. ముసలోళ్ళుండే చోటు. ఎవరంటే వాళ్ళు రాకూడదు గదా. ఆమె అడగడంలో తప్పు లేదు.”

“నేను రాలేదని చెప్పకపోయిన్రా?”

“ఎట్టా చెప్పేది? ఉత్తరం నిజమైతే మనిషిని రానిచ్చావు, ఉత్తరం అబద్ధమైతే పురుగులు నువ్వు తెచ్చినవే, రెండింట్లో ఏదో నువ్వే చెప్పు అనింది.” దేవమణి బల్ల మీద ఎండిన మెతుకు ఒకటి గోటితో గీకింది. “అబద్ధం అని నేనంటే నీ పేరు ఏంగావాల? మీ సారు పేరు ఏంగావాల? పరాయి దేశంలో చదువుకునే పిల్లవి. సంతకం పెట్టా.”

కుక్కరు ఆవిరి అందుకుంది. వర్షిణి దేవమణికేసి చూసింది. తేనిదానికి సంతకం ఎట్టా పెట్టేది అని సోమవారం ఇదే బల్ల దగ్గర అన్న మనిషి. నిన్న తను ఇక్కడే కూచుని, తన కష్టం ఎవరో ఎగరేసుకుపోయారని ఈమెకే రెండుసార్లు మొరపెట్టుకుంది. అప్పటికే ఈమెకు తెలుసు. వేలు ఆగింది తన పేరు దగ్గర. 

“నిన్న చదివినప్పుడే చూసిన్రు కదా,” అంది. “నన్ను ఎందుకు అడగలేదు ఆంటీ?”

“నువ్వు అప్పటికే బాధలో ఉన్నావు గదమ్మా,” అంది దేవమణి, పొయ్యి మంట తగ్గించడానికి లేస్తూ. “పోన్లే. పురుగు ఎవరు పట్టారంటే ఏంది.”

దేవమణి భర్త ఏసుదాసు అత్లోన్ ఊళ్ళోని మందుల ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి వర్షిణి లేచి ప్లేట్లు సర్దుతోంది. ఆయన టీవీ పెట్టాడు.

*

శనాదివారాలు ల్యాబు మూసి ఉంటుంది. సోమవారం ఎనిమిదింటికే వర్షిణి వెళ్ళి ఫర్గల్ గది ముందు నిలబడింది. పట్టింది నేను కాదు అని చెప్పింది. ఎవరు పట్టారో, ఉత్తరం వల్ల ఏం జరిగిందో చెప్పింది. ఫర్గల్ నోట్ శుక్రవారమే పత్రికకి పంపేశాడు. చీటీ తప్పయితే నోట్ తప్పు, నోట్ తప్పయితే నా మాట తప్పు, నిన్ను అడిగాను కదా అన్నాడు. అడిగారు అంది వర్షిణి. ఆయన కంప్యూటరు తిప్పుకుని పత్రికకి దిద్దుబాటు రాశాడు. పట్టినవారు దేవమణి మద్దాల. గుర్తించినవారు ఫర్గల్. వర్షిణి పేరుకి ఇప్పుడు కృతజ్ఞతల లైను ఒక్కటే మిగిలింది. గుర్తించినవారి సంగతి ఈసారి ఆమె ఎత్తలేదు. ఎత్తే ముఖం లేదనిపించింది. హోముకి కొత్త ఉత్తరం అడిగింది. ఆయన రాసి, సంతకం పెట్టి, కవరు ఆమె చేతికి ఇస్తూ ఒక్క మాటే అన్నాడు.

“పాత చీటీ తియ్యకు.”

ఆమెకు తెలుసు. సూదికి ఒకసారి ఎక్కిన చీటీని తీసేయడం ఈ పనిలో నిషిద్ధం. తప్పు అయితే దాని కిందే ఒప్పు గుచ్చాలి, తప్పు ఎవరిదో, దాన్ని ఎవరు దిద్దారో తర్వాతివాళ్ళకి కనపడాలి. వర్షిణి కొత్త చీటీ కొట్టి కత్తిరించి, పురుగుని వేళ్ళతో తాకకుండా సూది తల పట్టుకుని, పాత దాని కింద గుచ్చింది. పైన తన పేరు, కింద దేవమణి పేరు. పెట్టె మూసే ముందు, అందులో మిగతా పురుగులన్నిటి కిందా రెండేసి చీటీలే ఉండడం, ఈ నాలుగింటి కిందా మూడేసి ఉండడం చూసింది. ఎప్పటికీ అలాగే ఉంటాయి.

డబ్బీల ఎర్ర మూతలు రెండూ ఇంకా ఆమె బల్ల మీదే ఉన్నాయి. వాటిని కోటు జేబులో వేసుకుంది.

నర్సింగ్ హోము ల్యాబు నుంచి ఇరవై నిమిషాల నడక. సన్నగా తుంపర పడుతోంది. ఏడాదిన్నరగా రోజూ ఆంటీ నోట విన్న చోటే గాని, వర్షిణి ఆ గేటు ఏనాడూ దాటలేదు. బెల్లు కొడితే ఎవరో లోపల నుంచి తలుపు మీట నొక్కారు. లోపల వెచ్చగా, సబ్బు వాసనగా ఉంది. ఎదురుగా చిన్న బల్ల మీద గీతలు కొట్టిన పుస్తకం, దారంతో కట్టిన పెన్ను. తేదీ, పేరు, వచ్చిన టైము, ఎవరి కోసం, వెళ్ళిన టైము. ఆమె తేదీ వేసి, పేరు పూర్తిగా రాసి, తొమ్మిదీ నలభై అని వేసింది. ఎవరి కోసం అన్న చోట మేనేజర్ అని రాసింది. తలెత్తితే రేడియేటరు పైన గోడకి ఖాళీ మేకు కనిపించింది.

నోరీన్ బయటికి వచ్చింది. పొట్టి మనిషి, నిద్ర చాలని కళ్ళు, మెడలో తాళాలు. వర్షిణి తన పేరు చెప్పగానే ముఖం బిగిసింది. మీరు ఎవరి అనుమతితో లోపల తిరిగారు అని అక్కడే అడగబోయింది. వర్షిణి పుస్తకం ఆమె వైపు తిప్పింది.

“నేను ఇక్కడికి రావడం ఇదే మొదలు,” అంది. “పాత పేజీలు చూడండి. ఉత్తరంలో రాయించింది అబద్ధం. నా అబద్ధం.”

నోరీన్ కొత్త ఉత్తరం చదివింది. పుస్తకం నిజంగానే జనవరి దాకా తిప్పి చూసింది. అప్పుడు వర్షిణి జేబులోంచి ఎర్ర మూతలు రెండూ తీసి పుస్తకం మీద పెట్టింది. తేదీ, టైము, కారిడార్. తేదీ, టైము, రిసెప్షన్ దండ. నోరీన్ కళ్ళజోడు పైకి నెట్టుకుని వాటికేసి చూస్తూ ఉండిపోయింది. ఆ నీలం అక్షరాలు ఆమెకు కొత్తవి కావు. తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున ఆమె బల్ల మీదికి వచ్చే డబ్బీల మీదివే.

“ఆవిడ ఈ మాట నాతో అనలేదే,” అంది చివరికి. తర్వాత, ఇలాంటప్పుడు ఈ ఊళ్ళో అందరూ అనేదే అంది. “లీవ్ ఇట్ విత్ మీ.”

అంటే కాగితం చింపుతుందనా, చూద్దామనా, వర్షిణికి తెలియలేదు. నోరీన్ మూతలు రెండూ తీసుకుని ఆఫీసులోకి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. ఇనుప బీరువా సొరుగు లాగిన చప్పుడు, ఫైళ్ళు తిరగేస్తున్న చప్పుడు వినపడ్డాయి.

వర్షిణి వెళ్ళిన టైము వెయ్యడానికి పెన్ను తీసుకుంది. అప్పుడే కారిడార్ మలుపులోంచి చక్రాల కుర్చీ తోసుకుంటూ దేవమణి వచ్చింది. కుర్చీలో తెల్లటి జుట్టు శుభ్రంగా దువ్విన ముసలావిడ. పెగ్గీ అయివుంటుంది. దేవమణి వర్షిణిని చూసి ఠక్కున ఆగిపోయింది. ఆమె కళ్ళు ముందు ఆఫీసు తలుపు మీదికి, అక్కడి నుంచి పుస్తకం మీదికి పోయాయి. భయం ముఖంలో స్పష్టంగా కనిపించింది. కుర్చీ వదలకుండానే, గొంతు తగ్గించి అడిగింది.

“బుక్కులో సంతకం పెట్టావా తల్లీ?”

“పెట్టిన ఆంటీ,” అంది వర్షిణి.